కుక్కకు చర్మ అలర్జీ: దురదను ఏ వరసలో, ఎలా అదుపు చేయాలి

“మా కుక్క ఒకటే గోక్కుంటోంది, ఏ షాంపూ వాడమంటారు?” కుక్కల గురించి నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఇదే. అడిగేసరికే చాలామంది షాంపూ మార్చి ఉంటారు, ఫుడ్ మార్చి ఉంటారు, ఒకట్రెండు ఇంజెక్షన్లు కూడా చేయించి ఉంటారు. కొన్నాళ్లు తగ్గినట్టే తగ్గి దురద మళ్లీ తిరగబెడుతుంది. వాడిన మందులు మంచివే అయినా, వాడిన వరస తప్పడం వల్లే ఎక్కువగా ఇలా అవుతుంది.

వరస ఇది: ముందు ఒంటి మీద ఉండే పురుగులు (గెంతే ఫ్లీలు, గజ్జి పురుగులు), తర్వాత ఇన్ఫెక్షన్, ఆ తర్వాత తిండి. ఈ మూడూ తేలాకే దుమ్ము, పుప్పొడి లాంటి వాటి వల్ల వచ్చే అలర్జీ గురించి ఆలోచించాలి. ఒక మెట్టు వదిలేసి పైకి వెళ్తే, మళ్లీ కిందికి దిగి రావాల్సిందే.

అలర్జీని దాదాపు ఎప్పుడూ పూర్తిగా పోగొట్టలేం, జీవితాంతం అదుపులో పెట్టుకోవాలి. ఇది వినగానే డీలా పడకండి. దురదను ఒక కుండగా ఊహించుకోండి. ఫ్లీ కాటు కొంత నీరు పోస్తుంది, చర్మం మీద పెరిగిన బ్యాక్టీరియా కొంత, ఇంట్లో దుమ్ము కొంత. నీరు అంచు దాటి పొర్లినప్పుడే కుక్క గోక్కోవడం మొదలుపెడుతుంది. అన్నింటినీ ఆపలేకపోయినా ఒకటి రెండు ఆపితే కుండ పొర్లదు. అలర్జీ ఉన్న కుక్క కూడా హాయిగా నిద్రపోగలదు.

ఇవి కనిపిస్తే చదవడం ఆపి వెంటనే డాక్టర్ దగ్గరకు వెళ్లండి

ముఖం, కళ్ల చుట్టూ ఉన్నట్టుండి వాచిపోవడం, ఒళ్లంతా దద్దుర్లు లేచి వాంతులు కావడం, ఊపిరి కష్టంగా తీసుకోవడం, కూలబడిపోవడం: ఇవి ప్రాణం మీదికి వచ్చే అలర్జీ గుర్తులు. గంటల లెక్క కాదు, నిమిషాల లెక్క.

వేగంగా పాకుతున్న తడి పుండు, చీము, జ్వరం, తిండి మానేయడం, తల ఒక పక్కకు వాల్చి నడవడం ఉంటే అదే రోజు చూపించండి. కుక్కతో పాటు ఇంట్లోవాళ్లకూ దురద మొదలైనా, ఒంటి మీద గుండ్రటి మచ్చలు వచ్చినా అంటుకునే గజ్జి లేదా తామర కావచ్చు. ఆ సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.

కావలసినవి

- ఒక నోట్‌బుక్ లేదా ఫోన్‌లో క్యాలెండర్
- పళ్లు బాగా దగ్గరగా ఉండే ఫ్లీ దువ్వెన
- తెల్ల టిష్యూ కాగితాలు
- డాక్టర్ సూచించిన ఫ్లీ మందు, ఇంట్లో ఉన్న ప్రతి కుక్కకూ పిల్లికీ విడివిడిగా
- కుక్కల కోసం తయారైన క్లోర్‌హెక్సిడిన్ (క్రిములను చంపే మందు) షాంపూ
- మెడ చుట్టూ పెట్టే ప్లాస్టిక్ కాలర్ లేదా మెత్తటి కాలర్
- మూత ఉన్న వంటగిన్నె, వంట తూచే కాటా (ఆహార పరీక్ష దశకు)
- ఓపిక. మొత్తం ప్రక్రియకు మూడు నాలుగు నెలలు పడుతుందనుకుని మొదలుపెట్టండి.

1. మందు వేయకముందే దురదను కొలవండి

ఈ మెట్టును అందరూ దాటేస్తారు, తర్వాత దీని కోసమే బాధపడతారు. వారానికి రెండుసార్లు, ఒకే సమయంలో, దురదకు 0 నుంచి 10 వరకు మార్కులు వేయండి. 0 అంటే మామూలు కుక్క ఎప్పుడో ఒకసారి గోక్కున్నట్టు. 4 దగ్గర తరచూ గోక్కుంటుంది కానీ తినేటప్పుడు, ఆడేటప్పుడు, నిద్రలో గోక్కోదు. 6కు వచ్చేసరికి రాత్రి నిద్రలో కూడా లేస్తుంది. 8 అంటే తిండి మధ్యలో, ఆట మధ్యలో కూడా ఆగి గోక్కుంటుంది. 10 అంటే ఆపినా ఆగదు.

గోక్కోవడం ఒక్కటే దురద కాదు. పాదాలు నాకడం, వేళ్ల సందుల్లో కొరుక్కోవడం, పిరుదులు నేలకేసి రాయడం, మొహాన్ని సోఫాకేసి రుద్దడం, తల విదిలించడం కూడా దురదే. తెల్ల లేదా లేతరంగు కుక్క పాదాలను ఒకసారి వెలుతురులో పట్టి చూడండి. వేళ్ల మధ్య వెంట్రుకలు తుప్పురంగులోకి మారి ఉంటే అది మట్టి కాదు, లాలాజలం మరక. మీరు చూడనప్పుడు అది రోజూ నాకుతోందన్నమాట.

ఎక్కడ దురద అన్నది కూడా రాయండి. నడుము వెనుక భాగం, తోక మొదలు, తొడల వెనుక అయితే మొదటి అనుమానం ఫ్లీల మీదే. పాదాలు, ముఖం, చెవులు, చంకలు, పొట్ట అయితే గాలి, దుమ్ము లేదా తిండి అలర్జీ. చెవుల అంచులు, మోచేతులు, మడమల దగ్గర భరించలేనంత దురద ఉంటే గజ్జి పురుగు. ఇవి ఆధారాలు మాత్రమే, వీటితోనే తీర్పు ఇచ్చేయకండి.

దురద ఏ వయసులో మొదలైందో, ఏ నెలల్లో ఎక్కువవుతుందో గుర్తు తెచ్చుకుని రాయండి. దుమ్ము, పుప్పొడి అలర్జీ ఎక్కువగా 6 నెలల నుంచి 3 ఏళ్ల వయసులోపు మొదలవుతుంది. ఏడెనిమిదేళ్ల దాకా ఏ దురదా లేని కుక్కకు కొత్తగా వస్తే, అలర్జీ అనుకునేముందు థైరాయిడ్ లాంటి వేరే జబ్బుల పరీక్షలు చేయించాలి.

2. పురుగులను ముందు తేల్చేయండి

ఫ్లీలు రెక్కల్లేకుండా గెంతే చిన్న గోధుమరంగు పురుగులు. పిడుదుల్లా ఒకచోట అతుక్కుని ఉండవు, వెంట్రుకల మధ్య పరుగెడతాయి. అలర్జీ ఉన్న కుక్కకు వాటి లాలాజలమే విషం. ఒకటి రెండు కాట్లు చాలు, రోజుల తరబడి గోక్కోవడానికి.

చూసే పద్ధతి: కుక్కను తెల్ల గుడ్డ మీద నిలబెట్టి తోక మొదలు నుంచి నడుము దాకా, వెంట్రుకలకు ఎదురుగా దువ్వండి. దువ్వెనకు అంటిన నల్లటి నలకలను తడి టిష్యూ మీద దులిపి అర నిమిషం ఆగండి. నలక చుట్టూ ఎర్రటి తుప్పురంగు వలయం పాకితే అది ఫ్లీ మలం, అంటే జీర్ణమైన రక్తం. రంగు రాకపోతే మామూలు మట్టి.

ఏమీ దొరక్కపోయినా ఫ్లీలు లేవని నిర్ధారించకండి. దురద ఎక్కువున్న కుక్క తనంతట తానే వాటిని నాకి మింగేస్తుంది. అందుకే కనపడినా కనపడకపోయినా ఇలా చేయండి:

- ఇంట్లో ఉన్న అన్ని కుక్కలకూ పిల్లులకూ ఒకే రోజున మందు మొదలుపెట్టి, లేబుల్ మీద ఉన్న గడువు ప్రకారం కనీసం మూడు నెలలు ఆపకుండా ఇవ్వండి.
- కుక్క పడుకునే గుడ్డలు వారానికోసారి 60 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో ఉతకండి.
- సోఫా సందులు, మంచం కింద, కారు సీట్లు వాక్యూమ్ చేసి, పోగైన దుమ్మును వెంటనే ఇంటి బయట పారేయండి.

మూడు నెలలు ఎందుకంటే, కుక్క ఒంటి మీద కనిపించే పెద్ద పురుగులు మొత్తం సంతానంలో సుమారు 5 శాతమే. మిగతావి గుడ్లుగా, లార్వాలుగా, గూళ్లుగా మీ ఇంట్లోనే ఉన్నాయి. గూడులో ఉన్నది నెలల తరబడి నిద్రపోయి, కదలిక, వెచ్చదనం తగలగానే బయటికి వస్తుంది. అందుకే మందు వేసిన రెండో వారంలో కొత్త ఫ్లీలు కనిపించి ‘ఈ మందు పనిచేయడం లేదు’ అని మానేస్తారు. మానకండి.

హెచ్చరికలు: కుక్కల మందుల్లో కొన్నింటిలో పెర్మెత్రిన్ ఉంటుంది, అది పిల్లుల ప్రాణం తీస్తుంది. ఇంట్లో పిల్లి ఉంటే డబ్బా మీద ఆ పేరు ఉందేమో చూసి మరీ కొనండి. కుక్కకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే, నమిలే ఫ్లీ మాత్రలు ఇచ్చేముందు ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి. మెడ మీద వేసే చుక్కల మందు అయితే వేయడానికి ముందు, వేశాక రెండేసి రోజులు స్నానం వద్దు.

గజ్జి పురుగు కోసం డాక్టర్ చర్మాన్ని గీకి చూస్తారు. ఉన్నా దొరక్కపోవడం మామూలే. అనుమానం బలంగా ఉంటే పరీక్షలో ఏమీ లేకపోయినా చికిత్స చేసి చూడటం తప్పు కాదు. ఈ రోజుల్లో ఫ్లీలకు ఇచ్చే నమిలే మాత్రల్లో చాలావరకు గజ్జి పురుగునూ చంపుతాయి కాబట్టి ఇది పెద్ద భారం కాదు.

3. ఇన్ఫెక్షన్‌ను వెతికి తగ్గించండి

అలర్జీతో చెడిన చర్మం మీద బ్యాక్టీరియా, మలసీజియా అనే ఈస్ట్ (ఒక రకం ఫంగస్) విపరీతంగా పెరుగుతాయి. వాటి దురద వాటికి వేరే. ఇవి ఉండగా ఎంత గొప్ప అలర్జీ మందు వేసినా సగం పనే చేస్తుంది.

చీము పొక్కులు, గుండ్రంగా పొట్టు లేచే మచ్చలు, అక్కడక్కడా వెంట్రుకలు ఊడటం ఉంటే బ్యాక్టీరియా. చర్మం జిడ్డుగా, పులిసిన వాసనతో, చంకల్లోనూ మెడ కిందా నల్లబడి దళసరిగా మారితే ఈస్ట్. చాలాసార్లు రెండూ ఉంటాయి. డాక్టర్ చర్మానికి పారదర్శకమైన టేప్ అద్ది, రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. నిమిషాల్లో అయిపోయే పరీక్ష ఇది. చేయకుండానే యాంటీబయాటిక్ రాస్తుంటే ‘ఒకసారి టేప్ పరీక్ష చేద్దామా’ అని మర్యాదగా అడగండి. యాంటీబయాటిక్ ఒకటికి రెండుసార్లు వాడినా తగ్గకపోతే కల్చర్ పరీక్ష (బ్యాక్టీరియాను పెంచి, ఏ మందుకు లొంగుతుందో చూసేది) చేయించాలి, ఎందుకంటే మందులకు లొంగని బ్యాక్టీరియా కుక్కల్లోనూ పెరుగుతోంది.

యాంటీబయాటిక్ అవసరమో కాదో డాక్టర్ చెప్తారు. కానీ స్నానం మీ చేతిలో ఉంది, అది సరిగ్గా చేస్తే చాలా కుక్కలకు మాత్రల అవసరమే తగ్గిపోతుంది.

4. మందు స్నానం, సరిగ్గా

ఇన్ఫెక్షన్ ఉన్నంతకాలం వారానికి రెండుసార్లు, తగ్గాక వారానికి ఒకసారి. 2 నుంచి 4 శాతం క్లోర్‌హెక్సిడిన్ ఉన్నది తీసుకోండి. ఈస్ట్ కూడా ఉంటే క్లోర్‌హెక్సిడిన్‌తో పాటు మైకోనజోల్ కలిసినది మేలు.

ఎ) ముందు దువ్వి, చిక్కులు తీయండి. చిక్కుల కింద మందు చేరదు.

బి) గోరువెచ్చని నీళ్లు చాలు. వేడినీళ్లు దురదను పెంచుతాయి. చర్మం దాకా తడవాలంటే ఒత్తు బొచ్చున్న కుక్కకు ఐదు నిమిషాలైనా పడుతుంది.

సి) మొదట పాదాల నుంచి పట్టించండి. వేళ్ల సందులు, చంకలు, గజ్జలు, తోక కింద, ఆ తర్వాతే వీపు. మొదట పట్టించిన చోట మందు ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి, ఎక్కువ జబ్బున్న చోటు నుంచి మొదలుపెట్టడం ముఖ్యం. అందరూ సులువుగా ఉంటుందని వీపు మీద పోసి, పాదాలను ఆఖర్లో ఒక్క రుద్దు రుద్ది వదిలేస్తారు. నిజానికి దురద పాదాల్లోనే ఉంటుంది.

డి) ఇప్పుడు టైమర్ పెట్టండి, 10 నిమిషాలు. మధ్యలో మెల్లగా వేళ్లతో మర్దన చేస్తూ ఉండండి, గోళ్లతో గీరకండి. కుక్క నురుగు నాకకుండా చూసుకోండి. నాలుగైదు చిరుతిండి ముక్కలు దగ్గర పెట్టుకుంటే పది నిమిషాలు ఇట్టే గడుస్తాయి (ఆహార పరీక్ష నడుస్తుంటే పరీక్ష మాంసం ముక్కలే).

ఇ) నీళ్లలో నురుగు, జారుడుతనం పూర్తిగా పోయేదాకా కడగండి. చర్మం మీద మిగిలిన షాంపూ కొత్త దురద తెస్తుంది.

ఎఫ్) టవల్‌తో అద్దండి, రుద్దకండి. వేళ్ల సందులు తడిగా వదిలితే ఈస్ట్‌కు పండగే. డ్రయ్యర్ వాడితే చల్లటి గాలి మీద పెట్టండి.

కళ్లలో, చెవి రంధ్రంలో ఈ షాంపూ పడకూడదు. ముఖానికి తడి గుడ్డ చాలు. మనుషుల షాంపూ, పిల్లల షాంపూ కూడా వద్దు: కుక్క చర్మం ఆమ్లత్వం మన చర్మానిది కాదు. తరచూ స్నానం చేయించలేని పెద్ద కుక్కలకు, స్నానం అంటే భయపడేవాటికి క్లోర్‌హెక్సిడిన్ మూస్ (నురుగు రూపంలోని మందు), వైప్స్ దొరుకుతాయి. స్నానానికి సాటి రావు కానీ, పాదాలకూ చర్మం మడతలకూ బాగా పనికొస్తాయి.

5. చెవులు

అలర్జీ కుక్కల్లో చాలావాటికి చెవి సమస్య ఉంటుంది. కొన్నింటికి అదొక్కటే గుర్తు. మళ్లీ మళ్లీ చెవిలో చీము, వాసన వస్తోందంటే అది చెవి జబ్బు మాత్రమే కాదు, అలర్జీ తలుపు తడుతోందన్నమాట. డాక్టర్ కర్ణభేరి చిరగలేదని చూశాకే క్లీనర్ పోయండి. చెవి నిండా పోసి, మొదలు దగ్గర మెత్తగా నొక్కి, విదిలించనిచ్చి, బయటికి వచ్చినది దూదితో తుడవండి. ఇయర్ బడ్స్ లోపలికి దూర్చకండి, మురికిని ఇంకా లోపలికి తోస్తాయి.

6. ఆహార పరీక్ష: 8 వారాలు, మినహాయింపు లేకుండా

ఫ్లీలు, ఇన్ఫెక్షన్ అదుపులోకి వచ్చినా దురద ఏడాది పొడవునా ఉంటోందా? అయితే తిండి పరీక్ష తప్పదు. దురదతో పాటు రోజుకు మూడు కంటే ఎక్కువసార్లు మలం, గ్యాస్, అప్పుడప్పుడు వాంతులు ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

రక్తం, లాలాజలం, వెంట్రుకలు పంపితే ‘ఏ తిండి పడదో’ చెప్తామనే పరీక్షలకు డబ్బు పెట్టకండి. వాటి ఫలితాలు నమ్మదగినవి కావు. ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లోనూ అవి ఏదో ఒకటి పడదని చూపిస్తాయి. నమ్మదగిన పరీక్ష ఒక్కటే, తినిపించి చూడటం.

రెండు దారులున్నాయి. ఒకటి, డాక్టర్ రాసిచ్చే హైడ్రోలైజ్డ్ ఫుడ్. అందులో ప్రొటీన్‌ను శరీరం గుర్తుపట్టలేనంత చిన్న ముక్కలు చేసి ఉంటారు. రెండోది, కుక్క జీవితంలో ఇంతవరకు తినని ఒక మాంసం లేదా చేప, దానితో పాటు ఒక పిండిపదార్థం, ఇంట్లో ఉప్పు కారం లేకుండా ఉడికించినది. ఇంటి వంట 8 వారాలకు ఫర్వాలేదు కానీ అంతకుమించి సాగితే పోషకాలు తగ్గిపోతాయి. ఎదిగే కుక్కపిల్లలకైతే మొదటి రోజు నుంచే డాక్టర్ సలహాతో కాల్షియం, విటమిన్లు కలపాలి. దుకాణాల్లో ‘హైపోఅలర్జెనిక్’ అని రాసి అమ్మే మామూలు ప్యాకెట్లు ఈ పరీక్షకు పనికిరావు. వాటిలో లేబుల్ మీద లేని మాంసం జాడలు ఉండటం తరచూ జరిగేదే.

కుక్కలకు ఎక్కువగా పడనివి గొడ్డు మాంసం, పాల పదార్థాలు, కోడి, గోధుమ. ధాన్యం లేని ఫుడ్ పెడితే అలర్జీ పోతుందన్న నమ్మకం వాడుకలో ఉంది కానీ, చాలా కుక్కలకు పడనిది మాంసమే.

ఎలా చేయాలి:

- పాత తిండి నుంచి కొత్త దానికి వారం రోజుల్లో మెల్లగా మార్చండి. పూర్తిగా కొత్తది తిన్న రోజు నుంచి 8 వారాలు లెక్క.
- నీళ్లు, పరీక్ష తిండి తప్ప నోట్లోకి ఇంకేమీ వెళ్లకూడదు. బిస్కెట్, ఎముక, నమిలే తోలు, రుచి కలిపిన టూత్‌పేస్ట్, చేపనూనె క్యాప్సూల్ జెలటిన్ తొడుగు, అన్నీ లెక్కే.
- నమిలే ఫ్లీ మాత్రలకు మాంసం రుచి ఉంటుంది. ఈ 8 వారాలు చుక్కల మందుకు మారవచ్చేమో డాక్టర్‌ను అడగండి. మాత్రలు మింగించడానికి వెన్న, జున్ను వాడే అలవాటూ మానండి.
- ఇంట్లో ఇంకో కుక్క, పిల్లి ఉంటే వేరే గదిలో తినిపించి గిన్నెలు వెంటనే తీసేయండి. పిల్లి మలం తినే కుక్క అయితే ఇసుక డబ్బా అందకుండా పెట్టండి.
- పసిపిల్లలున్న ఇంట్లో వాళ్లు తినేటప్పుడు కుక్కను బల్ల దగ్గరకు రానివ్వకండి. పెద్దవాళ్లతో ఒకసారి కూర్చుని వివరంగా మాట్లాడండి. పాపం అని ఒక్క ముక్క పెట్టే మనిషి ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ప్రేమతోనే పెడతారు, కానీ ఆ ఒక్క ముక్క వారాల శ్రమను వెనక్కి తిప్పుతుంది.

పరీక్ష మధ్యలో దురద భరించలేనిదిగా ఉంటే మొదటి కొన్ని వారాలు దురద మందు ఇవ్వొచ్చు, కానీ ఆఖరి రెండు వారాలు మందు లేకుండా చూడగలగాలి. లేకపోతే తగ్గింది తిండి వల్లో మందు వల్లో తెలియదు.

8 వారాలకు దురద బాగా తగ్గిందా? సంతోషమే, కానీ పని సగమే అయింది. ఇప్పుడు పాత తిండి మళ్లీ పెట్టాలి. ఈ మాట చెప్తే చాలామంది వెనకాడతారు, ‘బాగున్నదాన్ని ఎందుకు చెడగొట్టడం’ అంటారు. పాత తిండి పెట్టాక 14 రోజుల్లోపు దురద తిరిగి వచ్చి, పరీక్ష తిండికి మార్చగానే మళ్లీ తగ్గితేనే అది తిండి అలర్జీ. రాకపోతే రుతువు మారడం వల్లో, స్నానాల వల్లో తగ్గిందన్నమాట, జీవితాంతం ఖరీదైన డైట్ అక్కర్లేదు. తిండి అలర్జీ అని తేలితే పరీక్ష తిండికి ఒక్కో పదార్థాన్ని రెండేసి వారాలు చేర్చి, ఏది పడదో కనిపెట్టండి.

దురద కొంతే తగ్గితే నిరుత్సాహపడకండి. కొన్ని కుక్కలకు తిండి అలర్జీ, దుమ్ము అలర్జీ రెండూ ఉంటాయి.

7. మిగిలింది దుమ్ము, పుప్పొడి అలర్జీ

పై మెట్లన్నీ అయ్యాక మిగిలిన దురదను డాక్టర్లు ఎటోపిక్ డెర్మటైటిస్ అంటారు. దీనికి ‘అవునా కాదా’ తేల్చే రక్త పరీక్ష లేదు. చర్మం మీద సూదితో చేసే పరీక్ష, రక్త పరీక్ష ఉన్నాయి కానీ, అవి ఇమ్యునోథెరపీ (కింద చెప్పే అలర్జీ వ్యాక్సిన్)లో ఏమేం కలపాలో ఎంచుకోవడానికే.

మందుల గురించి తెలిసి ఉంటే డాక్టర్‌తో మాట్లాడటం సులువు:

స్టెరాయిడ్, అంటే ప్రెడ్నిసలోన్, త్వరగా పనిచేస్తుంది, చవక. మంట బాగా ఉన్న కొద్ది రోజులకు మంచి మందు. నెలల తరబడి వాడితే విపరీతమైన దాహం, ఆకలి, మూత్రం, కండ కరగడం వస్తాయి. ఉన్నట్టుండి ఆపకండి, నొప్పి మాత్రలతో కలిపి అసలు ఇవ్వకండి.

ఒక్లాసిటినిబ్ మాత్ర గంటల్లో దురద తగ్గిస్తుంది. మొదట రోజుకు రెండుసార్లు, 14 రోజుల వరకు, ఆ తర్వాత ఒకసారి. ఏడాదిలోపు కుక్కపిల్లలకు ఇవ్వరు. దీర్ఘకాలం వాడితే అప్పుడప్పుడు రక్త పరీక్ష చేయించాలి.

లోకివెట్‌మాబ్ ఇంజెక్షన్ దురద సంకేతాన్నే ఆపుతుంది. ఒకసారి చేస్తే నాలుగు నుంచి ఎనిమిది వారాలు. దురదను ఆపుతుంది కానీ ఎర్రగా మండిపోతున్న చర్మానికీ చెవికీ అది ఒక్కటే చాలదు.

సైక్లోస్పోరిన్‌కు ఓపిక కావాలి, నాలుగు నుంచి ఆరు వారాలు. మొదట్లో వాంతులు, విరేచనాలు రావచ్చు.

మనుషుల జలుబు అలర్జీ మాత్రలు కుక్కల్లో అంతంతమాత్రమే పనిచేస్తాయి. ముక్కు దిబ్బడ మందు కలిసినవి, ముఖ్యంగా సూడోఎఫెడ్రిన్ ఉన్నవి, ప్రమాదకరం. డాక్టర్ చెప్పకుండా మీ మాత్రల పెట్టెలోంచి ఏదీ ఇవ్వకండి.

ఇమ్యునోథెరపీ నాకు అన్నింటికంటే నచ్చే దారి, ముఖ్యంగా చిన్న వయసులో ఏడాది పొడవునా దురదపడే కుక్కలకు. పడని వాటినే కొద్దికొద్దిగా ఇంజెక్షన్‌గానో నాలుక కింద చుక్కలుగానో ఇచ్చి శరీరానికి అలవాటు చేస్తారు. సగం కంటే ఎక్కువ కుక్కలకు మేలు చేస్తుంది. పనిచేసిందో లేదో చెప్పడానికి ఏడాది ఆగాలి, ఆలోపు దురదకు వేరే మందు పక్కన నడుస్తూనే ఉంటుంది. మూడో నెలలో మానేస్తే పెట్టిన డబ్బు వృథా.

మందులతో పాటు రోజూ చేయగలిగినవి: బయటి నుంచి రాగానే పాదాలు, పొట్ట తడి గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. గడ్డి కోసిన రోజున ఆ పచ్చిక మీద తిప్పకండి. చేపనూనెలోని ఒమేగా 3 కొవ్వులు చర్మానికి బలం, మోతాదు డాక్టర్‌ను అడిగి మొదలుపెడితే ఫలితం రెండు మూడు నెలలకు కనిపిస్తుంది. (తిండి పరీక్ష సమయంలో మాత్రం వద్దు.)

8. రాత్రికి రాత్రి పెరిగితే

ఒక్కోసారి ఉదయం బాగున్న చోట సాయంత్రానికి అరచేయంత తడి పుండు తేలుతుంది. వెంటనే కాలర్ పెట్టండి. నాకడం ఆగితేనే పుండు ఆరుతుంది. చుట్టూ వెంట్రుకలు కత్తిరించి, క్లోర్‌హెక్సిడిన్ ద్రావణంతో అద్ది, గాలి తగలనివ్వండి. కట్టు కట్టకండి, ఆయింట్‌మెంట్ మందంగా పూయకండి. పుండు తాకనివ్వకపోయినా, మరుసటి రోజుకు పాకినా డాక్టర్ చూడాల్సిందే.

టీ ట్రీ ఆయిల్ కుక్కలకు విషం. జింక్ ఆక్సైడ్ క్రీములు నాకితే రక్తకణాలు దెబ్బతినవచ్చు. సోరియాసిస్‌కు మనుషులు వాడే విటమిన్ డి రకం క్రీము కొద్దిగా నాకినా ప్రాణాపాయమే, దాన్ని అందని చోట పెట్టండి. ఒంటికి నూనె పట్టించడం కూడా వద్దు, ఈస్ట్ కొవ్వు మీదే బతుకుతుంది.

తరచూ జరిగే పొరపాట్లు

ఒకేసారి అన్నీ మార్చడం అన్నింటికంటే పెద్దది. కొత్త షాంపూ, కొత్త ఫుడ్, కొత్త మాత్ర ఒకే వారంలో మొదలుపెడితే తగ్గినా ఎందుకు తగ్గిందో తెలియదు, పెరిగినా ఎందుకు పెరిగిందో తెలియదు. ఒక మార్పు, దానికి తగినంత గడువు, తర్వాతే ఇంకొకటి.

దురద తగ్గగానే స్నానాలు, ఫ్లీ మందు ఆపేయడం రెండోది. తగ్గిందే వాటి వల్ల.

నెలకో ప్యాకెట్ ఫుడ్ మార్చడం వల్ల ఏ ప్రయోజనమూ లేదు సరికదా, కొత్త మాంసాలన్నీ ముందే తినిపించేస్తే రేపు ఆహార పరీక్షకు కొత్తది మిగలదు.

ఇంకొకటి డాక్టర్‌ను తరచూ మార్చడం. కొత్త డాక్టర్ మళ్లీ మొదటి మెట్టు నుంచే మొదలుపెడతారు. మార్చాలనిపిస్తే పాత చీటీలు, పరీక్షల ఫలితాలు, మీ నోట్‌బుక్ పట్టుకెళ్లండి. మీ దగ్గర్లో కుక్కల చర్మ నిపుణులు ఉంటే మూడు నాలుగు నెలల్లో మార్పు రానప్పుడు పంపమని మీరే అడగండి.

ఫలితం ఎలా చూడాలి

నెలకోసారి ఒకే చోట, ఒకే వెలుతురులో పొట్ట, చంక, పాదం కింది భాగం ఫొటోలు తీయండి. రోజూ చూసే కళ్లకు మార్పు తెలియదు, ఫొటోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. నోట్‌బుక్‌లో దురద మార్కులు సగానికి దిగితే దారి సరైనదే. రెండు, మూడు మార్కుల దగ్గర నిలకడగా ఉంటే చాలా మంచి అదుపు. సున్నా కోసం మందులు పెంచుకుంటూ పోనక్కర్లేదు.

బాగున్న కుక్కకు మళ్లీ మార్కులు పెరిగితే కొత్త మందు అడిగేముందు మొదటి నుంచి చూసుకోండి: ఫ్లీ మందు తేదీ దాటిందా? చర్మం వాసన వస్తోందా, జిడ్డుగా ఉందా? ఎవరైనా కొత్త తిండి పెట్టారా? పుప్పొడి కాలం మొదలైందా? చాలాసార్లు జవాబు మొదటి రెండు ప్రశ్నల్లోనే దొరుకుతుంది.